నాలుగవ పరీక్షనాళిక

తెలుగు మాధ్యమంలో చదువుకున్న నా తరం వారికి ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. మూడు పరీక్షనాళికలు, మూడింటిలోనూ ఇనుప మేకులు. మొదటిదానిలో మామూలు నీరు, పైన గాలి. రెండవదానిలో కాచి చల్లార్చిన నీరు. పైన నూనె పొర. మూడవదానిలో నీరు లేదు. చెమ్మను పీల్చుకునే అనార్ద్ర కాల్షియం క్లోరైడు, మూతికి రబ్బరు బిరడా. కొన్నాళ్ళకు మొదటి నాళికలోని మేకులు మాత్రమే తుప్పు పడతాయి. నిర్ధారణ: ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ, నీరూ రెండూ కావాలి.

మా బడిలో ఈ ప్రయోగాన్ని నిజంగానే చేశాం. అదే ఒక విశేషం. ఎందుకంటే మిగిలిన ప్రయోగాలలో చాలావాటిని రికార్డు పుస్తకంలో రాయడమే తప్ప చేసింది లేదు. వారం తరువాత చూస్తే రెండవ నాళికలోని ఒక మేకు మీద గోధుమరంగు మచ్చ కనిపించింది. ఆ మాటే మాస్టారికి చెప్పాను. ఆయన నాళికను వెలుతురులో పట్టుకుని చూసి, "పుస్తకంలో ఉన్నట్లు రాయరా, పరీక్షలో అదే అడుగుతారు" అన్నారు. ‘రెండవ నాళికలో తుప్పు పట్టలేదు’ అని రాశాను. మార్కులు వచ్చాయి.

నలభై ఏళ్ళ తరువాత, ఇంగ్లండులో మా ఇంటి వంటగది బల్ల మీద మా అమ్మాయి రసాయనశాస్త్రం నోటుపుస్తకంలో అవే మూడు నాళికలు మళ్ళీ కనిపించాయి. మార్చవలసిన రాశి, మార్చకూడని రాశులు, కొలవవలసిన రాశి అంటూ చక్కని పట్టిక కూడా ఉంది. జవాబు మాత్రం ముందే తెలుసు. ఇంత దూరం వచ్చి చూసినా ఆ బొమ్మ మారలేదేమిటన్న ఆశ్చర్యమే ఈ వ్యాసానికి మూలం. ప్రయోగ పద్ధతిని పిల్లలకు నేర్పాలన్న ఆలోచన ఈ దేశంలో ఎలా పుట్టింది, ఎవరు దానికోసం పోరాడారు, అది మాటిమాటికీ వంటల పుస్తకంగా ఎందుకు మారిపోతోంది అన్నది ఇక్కడి ప్రశ్న.

బ్రిటన్‌లో రసాయనశాస్త్ర బోధన వైద్యుల చేతుల మీదుగా పెరిగింది. 1747లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆ శాస్త్రం మీద ఉపన్యాసాలు మొదలుపెట్టిన విలియం కలెన్ వైద్యుడు. ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లాక్ కూడా వైద్యుడే. ఆ రోజుల్లో మూత్రాశయంలోని రాళ్ళకు సున్నపు తేట మందుగా ఇచ్చేవారు. అయితే ఏ సున్నం మంచిది? ఆల్చిప్పలను కాల్చిన సున్నమా, రాతిని కాల్చిన సున్నమా? దీని మీద ఎడిన్‌బరో ఆచార్యులైన రాబర్ట్ విట్, చార్లెస్ ఆల్‌స్టన్ తగువు పడుతున్నారు. ఆ తగువులో చిక్కుకోకుండా బ్లాక్ ‘మెగ్నీషియా ఆల్బా’ అనే మరొక పదార్థాన్ని ఎంచుకుని 1754లో తన వైద్యపట్టా సిద్ధాంతవ్యాసం రాశాడు. 1756లో సున్నాన్ని కూడా చేర్చి విస్తరించి ప్రచురించాడు.

సుద్దను కాలిస్తే వచ్చే సున్నం నాలుకను కొరుకుతుంది. ఆ ఘాటు నిప్పులోంచి ఏదో పదార్థం వచ్చి చేరడం వల్ల కలుగుతుందని అప్పటి నమ్మకం. చేరితే బరువు పెరగాలి. బ్లాక్ తూచి చూశాడు: 120 గ్రెయిన్ల సుద్ద కాలిన తరువాత 68 గ్రెయిన్లకు తగ్గింది. వచ్చి చేరింది ఏమీ లేదు, పోయిందే ఉంది. ఆయన అక్కడితో ఆగలేదు. కాల్చని 120 గ్రెయిన్ల సుద్దను కరిగించడానికి పలుచని ఆమ్లం ఎంత పడుతుందో చూశాడు: 421 గ్రెయిన్లు. అంతే సుద్దను కాల్చి, మిగిలిన సున్నాన్ని కరిగించడానికి 414 పట్టింది. దాదాపు సమానం. అంటే నిప్పు సున్నానికి ఆమ్లాన్ని హరించే శక్తిని ఇవ్వనూ లేదు, తీసివేయనూ లేదు. ఒక వాయువును వెళ్ళగొట్టింది, అంతే. ఆ వాయువునే మనం ఇప్పుడు కార్బన్ డయాక్సైడు అంటున్నాం. ఇక్కడ గమనించవలసినది త్రాసు ఒక్కటే కాదు. కాల్చిన సుద్ద పక్కన కాల్చని సుద్దను కూడా ఉంచి, రెండింటినీ ఒకే పరీక్షకు పెట్టడం.

కలెన్ ఉపన్యాసాలు మొదలుపెట్టిన 1747లోనే, మే 20న, ‘సాలిస్‌బరీ’ అనే యుద్ధనౌక మీద వైద్యుడు జేమ్స్ లిండ్ ఇటువంటి పనే మనుషులతో చేశాడు. స్కర్వీతో చిగుళ్ళు కుళ్ళి, మోకాళ్ళు సత్తువ లేక పడి ఉన్న 12 మంది నావికులను ఎంచుకున్నాడు. రోగలక్షణాలు వీలైనంతవరకు ఒకేలా ఉన్నవారు. ఒకే చోట పడక, ఒకే ఆహారం. ఇద్దరిద్దరుగా ఆరు జతలు చేసి ఆపిల్ సారా, పలుచని గంధకికామ్లం, వెనిగర్, సముద్రపు నీరు, నారింజ-నిమ్మ పళ్ళు, వెల్లుల్లి ఆవాలు వగైరా కలిపిన లేహ్యం ఒక్కొక్క జతకు ఒక్కొక్కటి ఇచ్చాడు. ఆరు రోజులకే పళ్ళు నిండుకున్నాయి. అప్పటికే ఆ జతలో ఒకడు పనిలోకి వెళ్ళగలిగాడు. రెండవవాడు మిగిలినవారందరికంటే మెరుగయ్యాడు. వైద్యవిద్యార్థిగా ఈ కథ విన్నప్పుడు నిమ్మపండు గొప్పతనం ఒక్కటే నాకు అర్థమైంది. ఆ నిమ్మపండును గుర్తుపట్టగలిగింది వెనిగర్ తాగిన ఇద్దరి వల్ల, సముద్రపు నీరు తాగిన ఇద్దరి వల్ల అని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ ఆలోచన ఎడిన్‌బరో, గ్లాస్గో తరగతి గదుల నుండి చిన్నపిల్లల బడికి చేరడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. చేరింది కూడా నేరుగా కాదు. 1859 నుంచి బ్రిటిష్ ప్రభుత్వపు శాస్త్ర-కళా విభాగం పరీక్షలు పెట్టి, ఉత్తీర్ణులైన విద్యార్థుల సంఖ్యను బట్టి ఉపాధ్యాయులకు సొమ్ము చెల్లించేది. పిల్లవాడు ఎంత అప్పజెబితే పంతులుకు అంత రాబడి. ప్రయోగశాల ఉన్నచోట కూడా జరిగేది ముఖ్యంగా లవణ విశ్లేషణ: ఈ ద్రావణం కలుపు, తెల్లని అవక్షేపం వస్తే ఫలానా లోహం, రాకపోతే తరువాతి వరుసకు వెళ్ళు. ఇంటర్మీడియట్‌లో ‘సాల్ట్ ఎనాలిసిస్’ చేసిన మనకు ఆ పట్టిక పరిచయమే. చేతులకు పని ఉంటుంది. మెదడుకు పట్టిక చదవడమే పని.

ఆ పట్టిక మీద యుద్ధం ప్రకటించినవాడు హెన్రీ ఎడ్వర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1848లో లండన్ శివారు లూయిషమ్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ దగ్గర, తాగునీటిలో సేంద్రియ మాలిన్యాన్ని కొలిచే పద్ధతి మీద పనిచేశాడు. కలరా, టైఫాయిడ్ల భయంతో లండన్ వణికిన కాలమది. తరువాత లైప్‌జిగ్ వెళ్ళి కోల్బే వద్ద 1869లో డాక్టరేటు పొందాడు. తిరిగి వచ్చి సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో వైద్యవిద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పాడు. పరీక్షకు కావలసినదంతా కంఠస్థం చేసి, తమంతట తాము ఒక్క చిన్న చిక్కు కూడా విప్పలేని విద్యార్థులతో విసిగిపోయాడు. లోపం విద్యార్థిలో లేదు, బడిలో ఉంది అన్నది ఆయన నిర్ణయం.

1884లో దక్షిణ కెన్సింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యా సమావేశంలో ఆయన తన వాదాన్ని వినిపించాడు. బ్రిటిష్ అసోసియేషన్ నియమించిన సంఘం 1889, 1890 నివేదికలలో ఆయన పాఠ్యప్రణాళికను ప్రచురించింది. తన పద్ధతిని ఆయన ‘హ్యూరిస్టిక్’ అన్నాడు. గ్రీకు భాషలో ‘కనుగొను’ అన్న ధాతువు నుంచి వచ్చిన మాట. తెలుగులో దీన్ని అన్వేషణ పద్ధతి అంటాం. పిల్లవాడికి జవాబు చెప్పకూడదు. జవాబు దొరికే దారిలో నిలబెట్టాలి. 1903లో వచ్చిన ఆయన వ్యాససంపుటి పేరే శాస్త్రపద్ధతి బోధన.

ఆయన ఎంచుకున్న మొదటి పెద్ద చిక్కుముడి ఏమిటో తెలుసా? ఇనుము తుప్పు పట్టడం. అయితే అక్కడ మూడు నాళికల బొమ్మ లేదు, ముందుగా రాసిపెట్టిన నిర్ధారణ లేదు. పిల్లలు ముందు కొలవడం, తూచడం నేర్చుకుంటారు. తరువాత ఇనుప రజనును తూచి, తడిపి, తుప్పు పట్టనిచ్చి, ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. బరువు పెరుగుతుంది. మన భాషలో ఇనుమును తుప్పు ‘తినేస్తుంది’ అంటాం కదా. ఇంగ్లీషు పిల్లలూ అలాగే అనుకుంటారు. తినేస్తే బరువు తగ్గాలి. పెరిగిందంటే ఎక్కడి నుంచో ఏదో వచ్చి చేరాలి. నీటి నుంచా, గాలి నుంచా? తడి ఇనుప రజనును పలుచని గుడ్డలో మూటగట్టి, నీటి మీద బోర్లించిన గాజుజాడీలో వేలాడదీస్తారు. కొద్ది రోజులలో నీటిమట్టం జాడీలోకి ఎగబాకి సుమారు ఐదవ వంతు దగ్గర ఆగిపోతుంది. ఇంకా రజను వేసినా కదలదు. మిగిలిన గాలిలో కొవ్వొత్తి పెడితే ఆరిపోతుంది. మరొక జాడీలో భాస్వరాన్ని మండిస్తే అక్కడా పోయేది ఆ ఐదవ వంతే. తుప్పు పట్టడం, మండడం ఒకే కుటుంబానికి చెందినవని పన్నెండేళ్ళ పిల్ల తనంతట తాను అనుమానించడం మొదలుపెడుతుంది. ఆ తరువాత సుద్ద, సున్నం: జోసెఫ్ బ్లాక్ నడిచిన దారి.

ఆర్మ్‌స్ట్రాంగ్ శిష్యుడు హ్యూ గోర్డన్ 1890ల తొలినాళ్ళలో లండన్ బోర్డు బడులలో ఈ పద్ధతి ప్రవేశపెట్టాడు. పేదపిల్లల చేతికి త్రాసు అందింది. 1902లో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే పాత పాఠశాల లండన్ నుండి ససెక్స్‌లోని హోర్షమ్‌కు తరలినప్పుడు, దాని పాలకవర్గంలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి ప్రయోగశాలలను తన పద్ధతికి అనుగుణంగా కట్టించాడు. చార్లెస్ బ్రౌన్ అనే ఉపాధ్యాయుడు అక్కడ రెండు దశాబ్దాలకు పైగా ఆ పద్ధతిని నిష్ఠగా నడిపాడు.

అయినా అది దేశమంతా నిలవలేదు. ఒక్క తుప్పు కథే నెలల తరబడి సాగుతుంది, పరీక్షలు ఆగవు. తనంతట తాను కనుగొంటున్నాననుకునే పిల్లవాణ్ణి నిజానికి ఉపాధ్యాయుడు చాటుగా నడిపించవలసిందే. లావోజియేకు, బ్లాక్‌కు జీవితాలు పట్టిన పని వారానికి నాలుగు పీరియడ్లలో తేలదు. 1918లో జె. జె. థామ్సన్ అధ్యక్షతన వెలువడిన ప్రభుత్వ నివేదిక, ప్రయోగశాలలో గడిపే సమయానికి తగిన ఫలితం చాలా బడులలో రావడం లేదని, ప్రయోగం చేయడమే పరమార్థమైపోయిందని ఆక్షేపించింది. ఆ తరువాత త్రాసు మిగిలింది, ప్రశ్న పోయింది. లక్ష్యం, పరికరాలు, విధానం, నిర్ధారణ అనే నాలుగు శీర్షికల కింద జవాబు తెలిసిన ప్రయోగాలు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఓటమికి కాలాభావమే కారణమని చెప్పి ఊరుకోవచ్చు. కాని నాకు మరొక లోపం కనిపిస్తుంది. తన పద్ధతిలో చదివిన పిల్లలు ఎంత చురుగ్గా ఉన్నారో ఆయన జీవితమంతా చెప్పాడు. అదే వయసు పిల్లలను, అదే ఉపాధ్యాయుడి వద్ద, పాత పద్ధతిలో చదివించి ఉంటే ఏమయ్యేదో ఆయన చూడలేదు. పిల్లలకు ప్రతి మేకు పక్కన మరో మేకు పెట్టమన్నవాడు తన బడి పక్కన మరో బడిని పెట్టి పోల్చలేదు. స్వంత నమ్మకం ముందు ఆయన పట్టుదల తరచు గెలిచేది. ద్రావణాలలో అయాన్లు ఉంటాయన్న అర్హీనియస్ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. ఉప్పు స్ఫటికంలో విడి అణువులు లేవు, సోడియం, క్లోరిన్‌లు చదరంగపు గళ్ళలా అమరి ఉంటాయని బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లోనే ఎక్స్-కిరణాలతో చూపారు. 1927లో కూడా ఆయన ‘పాపం, మామూలు ఉప్పు!’ అనే అర్థం వచ్చే శీర్షికతో నేచర్ పత్రికకు ఎగతాళి లేఖ రాశాడు.

ఇది ఆయన ఒక్కడి బలహీనత కాదు. లిండ్ సంగతి చూడండి. నిమ్మపళ్ళు నౌకలో నిలవ ఉండవు కనుక, రసాన్ని గంటల తరబడి వేడి మీద చిక్కబరచి సీసాలలో దాచమని తన 1753 గ్రంథంలో సలహా ఇచ్చాడు. ఆ వేడిలో విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. ఆ చిక్కని రసాన్ని తాజా పళ్ళతో పోల్చి, జతలు కట్టి పరీక్షించలేదు. నౌకాదళం నిమ్మరసాన్ని అధికారికంగా స్వీకరించింది 1795లో. లిండ్ మరణించిన మరుసటి సంవత్సరం. పరాయి మందును పరీక్షించడం తేలిక, సొంత మందును పరీక్షించడం కష్టం.

నా వృత్తిలో ఈ పాఠం స్థిరపడింది 1948లో. క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి జరిపిన ప్రయోగంలో, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ రోగులను మూసిన కవర్లలోని చీటీల ప్రకారం విభజింపజేశాడు. 55 మందికి మందూ, విశ్రాంతీ. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మొదటి జట్టులో నలుగురు, రెండవ జట్టులో 14 మంది మరణించారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అంకె మరొకటి: మందు ఇవ్వని 52 మందిలో నలుగురికి ఊపిరితిత్తులు గణనీయంగా మెరుగయ్యాయి. వారికి ఎవరైనా చెట్టుబెరడు కషాయం పోసి ఉంటే, ఆ కషాయం నేటికీ అమ్ముడుపోతూ ఉండేది. గొంతునొప్పికి అవసరం లేని యాంటీబయాటిక్ రాసిచ్చి, ఐదు రోజుల తరువాత "మీ చేతి చలవ, డాక్టరుగారూ" అనిపించుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఐదు రోజులలో అది తనంతట తానే తగ్గేదే. పోల్చి చూడడానికి మరొక గొంతు నా ముందు లేదు.

మళ్ళీ బడికి వస్తాను. 1962లో నఫీల్డ్ ఫౌండేషన్ శాస్త్రబోధన పథకం ప్రారంభించింది. హాలివెల్ నేతృత్వంలో 1966లో వెలువడిన రసాయనశాస్త్ర పుస్తకాలు ఆర్మ్‌స్ట్రాంగ్ ఆశను మరో రూపంలో తిరిగి తెచ్చాయి. 1983లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజలిండ్ డ్రైవర్ ఒక అసౌకర్యమైన సత్యం చెప్పింది: పిల్లలు ఖాళీ కళ్ళతో ప్రయోగం చూడరు, తమ నమ్మకాలతో చూస్తారు. తుప్పు పట్టిన మేకు తేలికవుతుందని నమ్మే పిల్లకు త్రాసు వేరే మాట చెబితే, ఆమె త్రాసునే శంకిస్తుంది. 1989 తరువాత జాతీయ పాఠ్యప్రణాళిక ‘న్యాయమైన పరీక్ష’ అన్న మాటను ప్రాథమిక బడి దాకా తెచ్చింది. మాట మంచిదే, మార్కులు చేరగానే అదీ తంతుగా మారింది. మార్కులు తప్పక వచ్చే నాలుగైదు పరిశోధనలనే దేశమంతటా చేయించారు. ఈ పద్ధతి ప్రయోగాలను విసుగు పుట్టించే పనిగా మార్చిందని 2002లో పార్లమెంటు సంఘం తేల్చింది. ఇప్పుడు ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లల పరీక్షలో కనీసం 15 శాతం మార్కులు ప్రయోగాలపై రాతప్రశ్నలకే.

ఆర్మ్‌స్ట్రాంగ్ వదిలేసిన పోలికను చివరకు కొందరు చేశారు. 1984-87 మధ్య ఫిలిప్ ఏడీ, మైఖేల్ షేయర్ కొన్ని తరగతులకు ప్రత్యేక పాఠాలు చెప్పించారు. వేర్వేరు పొడవులు, వెడల్పులు, పదార్థాలు గల గొట్టాలను ఊదించి, శబ్దం దేనివల్ల మారుతోందో తేల్చాలంటే ఏ రెండు గొట్టాలను పోల్చాలి అని అడగడం అందులో ఒకటి. ఒక్క గుణంలో మాత్రమే తేడా ఉన్న రెండింటిని ఎంచుకోవడమే పాఠం. పోలిక తరగతులకంటే ఈ పిల్లలలో కొన్ని బృందాలు రెండుమూడేళ్ళ తరువాత విజ్ఞానంలోనే గాక ఇంగ్లీషులో, గణితంలో కూడా ముందున్నాయి. ఎంతో ఉత్సాహం కలిగింది. కాని దశాబ్దాల తరువాత యాభైకి పైగా పాఠశాలలను చీటీ పద్ధతిలో విభజించి మళ్ళీ పరీక్షిస్తే, 2016 నివేదికలో ఆ లాభం కనిపించలేదు. పాఠాలు అనుకున్నన్ని జరగలేదన్నది ఒక కారణం కావచ్చు. ఏమైనా, బోధనా పద్ధతిని కూడా మేకులాగే పరీక్షకు పెట్టగలిగారు. వచ్చిన ఫలితం నచ్చకపోయినా ప్రకటించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతి కంటే నాకు ఇది ఆర్మ్‌స్ట్రాంగ్ ఆశయానికి దగ్గరగా కనిపిస్తుంది.

ఈ చరిత్ర అంతా చదివాక మా అమ్మాయి నోటుపుస్తకం మళ్ళీ తెరిచాను. రెండవ నాళిక మొదటిదానికంటే ఎన్ని విషయాలలో వేరుగా ఉంది అని అడిగాను. కొంచెంసేపు చూసి, "రెండు, నాన్నా. నీళ్ళు కాచారు, నూనె కూడా పోశారు" అంది. మేకును కాపాడింది గాలి లేకపోవడమా, నూనేనా? ఈ మూడు నాళికలతో చెప్పలేం. నేను రికార్డు రాసిన ఏడాది గాని, తరువాత నలభై ఏళ్ళలో గాని ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

గాజు సీసాలలో మరో రెండు ఏర్పాట్లు చేశాం: కాచని నీటి మీద నూనె ఒకటి, నూనె లేని కాచిన నీరు ఒకటి. ఒక్కొక్క సీసాలో గరుకు కాగితంతో రుద్దిన మూడేసి మేకులు. పది రోజులకు కాచని నీరు, నూనె ఉన్న సీసాలో మూడు మేకులకూ మచ్చలు వచ్చాయి. నీటిలో అప్పటికే కరిగి ఉన్న గాలి చాలింది. నూనె లేని కాచిన నీటిలోకి గాలి మళ్ళీ చేరినట్లుంది, అక్కడా తుప్పే. కాచి నూనె పోసిన సీసాలో రెండు మేకులు మెరుస్తున్నాయి. మూడవదాని మొన దగ్గర ఒక చిన్న మచ్చ.

"ఏం రాయను?" అంది.

ఉన్నది రాయమన్నాను. ‘మూడింటిలో ఒకటి, నీరు చాలినంతసేపు కాచలేదేమో’ అని రాసి, కింద మరో వాక్యం చేర్చింది: ఈసారి పదిహేను నిమిషాలు కాచి, ఒక్కొక్క సీసాలో పది మేకులు వేయాలి. ఆ మేకులు ఇప్పుడు కిటికీ దగ్గర ఉన్నాయి.